ఎనభై ఏడో వంతు

జనవరి 4

బాక్స్-ఎన్ వ్యాగన్ డ్రాయింగు మొదలుపెట్టాను. పైకప్పు లేని పెద్ద ఇనుప పెట్టె, బొగ్గూ ఇనుప ఖనిజమూ మోసేది. లెవెల్ క్రాసింగు గేటు దగ్గర నిలబడి వీటిని లెక్కపెట్టకుండా పెరిగిన పిల్లలు విశాఖలో ఉండరేమో. ఆ బండికి మోడల్ చేసేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. అమెరికా గూడ్సు పెట్టెలు, జర్మనీ కోచ్‌లు ఎన్నో రకాలు రెడీమేడ్‌గా దొరుకుతాయి. మనం రోజూ చూసే బండి కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని గీయాలి.

కప్లర్ నుంచి కప్లర్‌కి 10,713 మి.మీ. హెచ్ఓ స్కేలు కాబట్టి 87.1తో భాగిస్తే 123. వెడల్పు 3,200, అంటే 36.7. పట్టా నుంచి ఎత్తు 3,225, అంటే 37. అరచేతిలో పట్టే బండి.

యాభై ఎనిమిది వ్యాగన్ల రేక్ నిజంలో 620 మీటర్లు దాటుతుంది. మోడల్‌లో ఏడు మీటర్ల పైమాట. ఏ అపార్ట్‌మెంటు హాల్లోనూ అంత పొడుగు బండి నిలబడదు. అందుకే కొనేవాళ్ళు ఎనిమిదో పదో తీసుకుంటారు. దాంతో డిజైను చేసేవాళ్ళకు పని పెరుగుతుంది. అసలు రేక్ గేటు దాటుతుంటే ఏ ఒక్క వ్యాగన్నీ విడిగా చూడం, వరస మాత్రమే చూస్తాం. షెల్ఫ్ మీద ఎనిమిదే ఉంటే ప్రతిదాన్నీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తారు. పక్క రేకు మీద సొట్టలు రెండు మూడు రకాలుగా గీయాలి. ఎనిమిదింటికీ ఒకే చోట ఒకే సొట్ట ఉందంటే ఆట తెలిసిపోతుంది.

జనవరి 6

కొత్తగా ఈ సరదాలోకి వచ్చిన కుర్రాడు అడిగాడు: నూరో వంతో యాభయ్యో వంతో పెట్టుకోకుండా ఈ 87.1 ఎందుకని. అసలు కొలత అడుగుల్లోనూ మోడల్ కొలత మిల్లీమీటర్లలోనూ పెట్టుకున్నారు, అందుకు. ఓ స్కేలులో అడుగుకు ఏడు మి.మీ. అందులో సగం హెచ్ఓ, అడుగుకు మూడున్నర. 304.8ని 3.5తో భాగిస్తే 87.1 వస్తుంది.

జనవరి 9

గేజ్. భారతీయ బండి గీసే ప్రతివాళ్ళూ ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

మన బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ. ఎనభై ఏడో వంతుకు 19.2. దుకాణంలో దొరికే హెచ్ఓ పట్టా 16.5. అది 1,435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కి సరిపోయే లెక్క. అంటే మన బండిని ఆ పట్టా మీద పెడితే కింద దాదాపు మూడు మి.మీ. ఇరుకు. బండి ఒళ్ళు వెడల్పు, కాళ్ళు దగ్గర. ముందు నుంచి చూస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దారులు మూడున్నాయి. పట్టాని అలాగే ఉంచి బండినే 1:101.6కి తగ్గించడం ఒకటి. గేజ్ ఖచ్చితంగా కుదురుతుంది కానీ బజారులో దొరికే మనుషుల బొమ్మలు, లారీలు, చెట్లు అన్నీ 1:87వి. ప్లాట్‌ఫారం మీద మనిషి బండి పక్కన ఉండాల్సినదాని కంటే పెద్దవాడైపోతాడు. రెండోది 19.2 పట్టా సొంతంగా వేసుకోవడం. స్లీపర్లు కోసి, రైలు అతికించి, పాయింట్లు చేతితో రాకి తయారుచేసుకునేవాళ్ళంటే నాకు చాలా గౌరవం. కానీ ఆ ఓపిక అందరికీ ఉండదు, వాళ్ళ ఇంజన్లకు కూడా చక్రాలు మార్చాలి.

నేను మూడోదాన్నే పట్టుకున్నాను. బండి 1:87, పట్టా 16.5, మధ్యలో ఇరుకును దాచడం. బాక్స్-ఎన్ దీనికి సాయపడుతుంది. దాని కింద ఉండే కాస్‌నబ్ బోగీకి పక్క ఫ్రేములు చక్రాలకు బయటివైపు ఉంటాయి. పక్క నుంచి చూసేవాళ్ళకు ముందు ఫ్రేము కనిపిస్తుంది, చక్రం దాని వెనక నీడలో ఉంటుంది. ఫ్రేము లోపలి ముఖాన్ని బజారు యాక్సిల్ మొనలకు తగ్గట్టు దగ్గరగానే ఉంచి, మందాన్ని బయటికి పెంచితే, ఆ బయటి ముఖం నిజమైన బ్రాడ్ గేజ్ బోగీ ఉండాల్సిన చోటికే వస్తుంది. చక్రం ముఖానికి మెరుపు లేని ముదురు గోధుమ రంగు వేస్తే నీడ ఇంకా చిక్కబడుతుంది.

ముందు నుంచి చూసేవాళ్ళకు ఏమీ చెయ్యలేను. రైలును ముందు నుంచి చూసేది కొద్ది క్షణాలే.

ఇదే నేరో గేజ్ అయితే ఈ బాధే లేదు. 762 మి.మీ.ని భాగిస్తే 8.75. తొమ్మిది మి.మీ. పట్టా ఎక్కడైనా దొరుకుతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్ళిన చిన్న బండి సరిగ్గా ఆ గేజే. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది, 2004లో మూసేసి బ్రాడ్ గేజ్‌కి మార్చారు. ఆ పెట్టెల కొలతలు నమ్మకంగా దొరికిన రోజున అన్నీ పక్కనపెట్టి అదే గీస్తాను.

జనవరి 16, కనుమ

అక్క కుటుంబం వచ్చింది. చిన్నవాడు వ్యాగన్ని ఎత్తిన తీరు గమనించాను. నడుం దగ్గర పట్టుకోలేదు. మూల దగ్గరున్న నిచ్చెన మెట్లని రెండు వేళ్ళతో పట్టి లేపాడు. "పిన్నీ, ఇది ఎక్కడానికేగా!" అన్నాడు. వాడు చెప్పింది నిజమే, చెయ్యి పట్టుకోవడానికి పెట్టిందే అది.

నిజమైన కమ్మీ మందం రెండు సెంటీమీటర్లనుకుంటే మోడల్‌లో పావు మి.మీ. కూడా ఉండదు. రెసిన్‌లో ప్రింట్ చేస్తే వేలు తగలగానే పుటుక్కుమంటుంది. 0.3 మి.మీ. ఇత్తడి తీగ వాడాలి. ఉక్కు తీగ ఇంకా గట్టిది కానీ మన సముద్రపు గాలికి రంగు కిందే తుప్పు పట్టేస్తుంది. తీగను వంచడానికి చిన్న అచ్చు ఒకటి కిట్‌లోనే వేసి ఇవ్వాలి. కొన్నవాళ్ళు ముక్కుపటకారుతో కుస్తీ పట్టనక్కర్లేదు, అన్ని మెట్లూ ఒకే వెడల్పుతో వస్తాయి.

జనవరి 22

గోడ మందం. అసలు వ్యాగన్ పక్క రేకు కొద్ది మిల్లీమీటర్లే. దాన్ని 87తో భాగిస్తే కాగితం కంటే పలచన. రెసిన్ గోడ 0.8 మి.మీ. లేకపోతే వారం తిరిగేసరికి వంకరపోతుంది. 0.8 అంటే నిజంలో ఏడు సెంటీమీటర్ల గోడ! మూసి ఉన్న పెట్టెలో ఇది ఎవరికీ తెలియదు. పైకప్పు లేని బండిలో పై అంచు దగ్గర గోడ మందం మొత్తం బయటపడుతుంది.

బాక్స్-ఎన్‌కి పై అంచు చుట్టూ కోపింగ్ ఉంది. గొట్టంలాంటి దళసరి పట్టీ. అది నిజంలోనే మందం కాబట్టి అంచు మందంగా ఉండటం తప్పుగా అనిపించదు. గోడని లోపలివైపు నుంచి పైకి పోనుపోను పలచన చేసుకుంటూ వచ్చి కోపింగ్ కింద కలిపేశాను. కిందివైపు బలం ఉంది, పైన కన్నుకి సరిపోయింది.

ఫిబ్రవరి 2

మాధవధారలో ఉండే ఒక రిటైర్డ్ టీఎక్సార్ గారి దగ్గరికి ఖాళీ మోడల్ పట్టుకెళ్ళాను. యార్డులో బండి వచ్చి ఆగగానే ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచి, ప్రతి బోగీనీ ప్రతి బ్రేకునీ చూసి, వెళ్ళొచ్చని సంతకం పెట్టేది వీళ్ళే. బండిని ఈయనంత దగ్గరగా చూసినవాళ్ళు నాకు తెలిసి లేరు.

కళ్ళజోడు మార్చుకుని, మోడల్‌ని కిటికీ వెలుతురులోకి తిప్పి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చూపుడు వేలు లోపల పెట్టి అడుగు నుంచి కొలిచినట్టు చూపించారు.

"బొగ్గు పోస్తావా, ఐరన్ ఓరా అమ్మా?"

"ఓర్ అనుకుంటున్నాను బాబాయ్ గారూ. కేకే లైను బండి."

"అయితే ఇక్కడిదాకే." వేలి మొదటి కణుపు కూడా మునగలేదు. "బొగ్గయితే పైదాకా ఉంటాది. ఓర్ బరువు కదా, సగం కూడా రాదు. దూరం నుంచి చూసినోళ్ళకి ఖాళీ బండిలాగే ఉంటాది. లోడరు ఎలా పోస్తే అలా పడతాది గానీ, బోగీల మీదకి రెండు గుట్టలు, మధ్యలో పల్లం, అలాగే ఎక్కువ చూశాను."

ఇంటికొచ్చి లెక్క వేశాను. లోపలి కొలతలు 9,784, 2,950, 1,950 మి.మీ. గుణిస్తే 56 ఘనపు మీటర్లు. మొయ్యగలిగే బరువు 58 టన్నుల చిల్లర. బొగ్గు ఘనపు మీటరు ఒక టన్ను కూడా ఉండదు కాబట్టి అంచు దాకా నింపినా ఇబ్బంది లేదు. బైలదిల్లా ఖనిజం ఘనపు మీటరు రెండున్నర టన్నుల దాకా తూగుతుంది. అంటే 23 ఘనపు మీటర్లకే బరువు నిండిపోతుంది. మోడల్‌లో లోపలి లోతు 22 మి.మీ. అయితే ఖనిజం సగటు ఎత్తు 9. ఆయన వేలు చూపించిందీ అంతే.

ఇంకోటి కూడా చూపించారు. వ్యాగన్ పక్కన గోరులో సగం లేని ఒక లివరు గీశాను, ఎంప్టీ-లోడ్ లివరు. బండి ఖాళీగా ఉంటే బ్రేకు తక్కువ పట్టాలి, నిండితే ఎక్కువ పట్టాలి, అందుకు దాన్ని అటూ ఇటూ తిప్పుతారు. "లోడు పోసి లివరు ఎంప్టీలో వదిలేశావనుకో, ఘాట్‌లో దిగేటప్పుడు బండి ఆగదు. నీ బొమ్మ నా కంటపడితే మొదట అదే చూస్తాను" అన్నారు.

లివరు విడి ముక్కగా చేస్తున్నాను. రెండు స్థానాల్లోనూ పెట్టుకునేలా చిన్న చీలిక.

ఫిబ్రవరి 3

నిన్నటి మాట మీదే ఆలోచన. అన్ని కొలతల్నీ 87తో భాగించి ముద్ర కొడితే బండి రాదు. గోడ మందం దగ్గర నేను వదులుకున్నాను, గేజ్ దగ్గర వదులుకున్నాను, ఎవరూ అడగరు. లివరు దగ్గర వదులుకుంటే ఆ బండితో ముప్ఫై ఏళ్ళు బతికిన మనిషి అడుగుతాడు. ఏ కొలత వదలాలో స్కేలు చెప్పదు, ఆ బండితో పనిచేసినవాళ్ళు చెప్పాలి.

ఫిబ్రవరి 8

లోడు ముక్క. కేకే, అంటే కొత్తవలస–కిరండోల్ లైనులో నిండు బండ్లు కొండ దిగి విశాఖ వైపు వస్తాయి, ఖాళీలు ఎక్కుతాయి. అరకు ఘాట్ లేఅవుట్ వేసుకున్నవాళ్ళకు ఒకే బండి రెండు రకాలుగానూ కావాలి. కాబట్టి లోడు తీసిపెట్టేలా ఉండాలి. రెండు గుట్టలున్న పలచని అడుగు ప్రింట్ చేసి, దాంట్లో ఇనుప నట్లు రెండు దాస్తున్నాను. పైనుంచి అయస్కాంతం చూపిస్తే లోడు లేచి వచ్చేస్తుంది.

పైపొడి ఎంత సన్నగా ఉండాలి? ఫైన్స్ అంటే పది మి.మీ. లోపు రాయి. 87తో భాగిస్తే 0.12 దాటదు. అంటే ఇసుక కూడా ముతకే. ఇటుక పొడి మైదా జల్లెడలో పోసి, కింద పడినదే వాడాలి. నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు వేస్తే జిగురు పొడి మీద బుడగలా నిలబడకుండా లోపలికి ఇంకుతుంది. ఇటుక పొడి నారింజ వైపు పోతుంది, ఖనిజం ఊదా నలుపు కలిసిన ఎరుపు. కొంచెం నల్ల రంగు పొడి కలపాలి.

ఎర్రమట్టి దిబ్బల నుంచి గుప్పెడు తెచ్చుకుంటే పోలా అన్నారు ఒకరు. పోదు. అది వేల ఏళ్ళ భూవారసత్వం. మోడల్ కోసం అక్కడి మట్టి చిటికెడు కూడా తీయను, తీసినవాళ్ళ దగ్గర కొనను.

ఫిబ్రవరి 13

బరువు. అమెరికాలో 1935లో పుట్టిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ఉంది: హెచ్ఓ బండికి ముందు ఒక ఔన్సు, ఆపై పొడవు అంగుళానికి అర ఔన్సు చొప్పున. మన వ్యాగన్ 4.84 అంగుళాలు. లెక్కకు 3.4 ఔన్సులు, దాదాపు 97 గ్రాములు. ఇంతకన్నా తేలికైతే పాయింట్ల దగ్గర చక్రం ఎగిరి దిగిపోతుంది.

మూసిన కోచ్‌లో ఎక్కడో అక్కడ సీసం ముక్క పెట్టొచ్చు. పైకప్పు లేని బండి ఖాళీగా వెళ్తుంటే బరువు ఎక్కడ దాస్తాం? నేలనే ఇనుముతో వేస్తున్నాను. 110 పొడవు, 33 వెడల్పు, 1.5 మందం రేకు ఒక్కటే 43 గ్రాములు తూగుతుంది. లోహపు చక్రాలు కొంత. మిగతాది మధ్య సిల్ లోపల ఇత్తడి కడ్డీ. కింద నుంచి చూసినా సిల్ సిల్‌లాగే ఉండాలి.

ఫిబ్రవరి 20

నంబర్లు. మన వ్యాగన్ నంబరులో పదకొండు అంకెలు. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేది, ఆపై రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరస సంఖ్య, చివరిది తనిఖీ అంకె. సరి స్థానాల్లో ఉన్న అంకెలు కూడి మూడుతో గుణించి, బేసి స్థానాల్లోవి కలిపి, ఆ మొత్తం తర్వాతి పదికి చేరడానికి ఎంత కావాలో అదే పదకొండో అంకె. డెకాల్ షీటులో వేసే ప్రతి నంబరుకీ ఈ లెక్క కట్టి వేస్తున్నాను. తనిఖీకి నిలబడని నంబరు నా బండి మీద ఉండకూడదు.

కాలం కూడా చూసుకోవాలి. ఈస్ట్ కోస్ట్ రైల్వే 2003లో పనిలోకి వచ్చింది. అంతకుముందు వాల్తేరు డివిజను సౌత్ ఈస్టర్న్‌లో ఉండేది. తొంభైల నాటి యార్డు కట్టుకునేవాళ్ళకు ఈస్ట్ కోస్ట్ అక్షరాలున్న షీటు ఇస్తే లాభం లేదు. వ్యాగన్లు దేశమంతా తిరుగుతాయి కాబట్టి ఒక్కో సెట్‌లో రెండు మూడు రైల్వేలవి కలిపి ఇస్తాను.

మార్చి 1

టెక్సాస్ నుంచి ఒక తమ్ముడు ఫోను. గోదావరి ఎక్స్‌ప్రెస్ కావాలట, ఐసీఎఫ్ కోచ్‌లతో, నీలం రంగులో. 1974లో మొదలైన బండి. చదువుకునే రోజుల్లో సెలవులకు హైదరాబాద్ నుంచి విశాఖ దానిమీదే వచ్చేవాడట. పెరంబూరులో 1955 నుంచి స్విస్ నమూనా మీద కట్టిన ఈ కోచ్‌ల తయారీ 2018లో ఆగిపోయింది. అడిగేవాళ్ళు అప్పటినుంచే ఎక్కువయ్యారు.

"అక్కా, నా వంపులు పద్దెనిమిది అంగుళాలవి. కోచ్ కొంచెం పొట్టి చెయ్యలేవా?" అన్నాడు.

అడగడంలో తప్పు లేదు. యూరప్‌లో పేరున్న కంపెనీలే దశాబ్దాల పాటు 26.4 మీటర్ల కోచ్‌ని 303 మి.మీ. చెయ్యకుండా 282కో 264కో కుదించి అమ్మాయి. మన ఐసీఎఫ్ 21,337 మి.మీ., మోడల్‌లో 245. బోగీ మధ్యల దూరం 14,783, అంటే 170. 457 మి.మీ. వ్యాసార్ధం వంపులో ఆ కోచ్ నడుం లోపలికి 8 మి.మీ. జరుగుతుంది, కొసలు బయటికి ఎనిమిదిన్నర. పక్క లైనులో బండి ఉంటే గీసుకుపోతుంది.

అయినా కుదించనన్నాను. స్లీపర్ కోచ్‌లో తొమ్మిది బేలు, 72 బెర్తులు. పొడవు తగ్గాలంటే ఒక బే తీసెయ్యాలి, 64 అవుతాయి. ఆ కోచ్‌లో పై బెర్త్ మీద పడుకుని పెరిగినవాళ్ళకు కిటికీల వరస కంఠతా వచ్చు. ఒకటి తగ్గితే ఏం తగ్గిందో చెప్పలేకపోయినా ఇది మన బండి కాదని తెలిసిపోతుంది.

కొంతసేపు మాట్లాడలేదు. "అయితే వంపులే మారుస్తానక్కా" అన్నాడు. కనీసం 30 అంగుళాలు వెయ్యమన్నాను. కొసలు కలిసే చోట కప్లర్ పక్కకు ఊగేలా పొడవైన షాంక్ పెడతాను, అది నా వంతు.

మార్చి 5

ఐసీఎఫ్ కిటికీ అడ్డ కమ్మీలు. ప్రింట్ చేస్తే లావు, తీగ పెడితే ఒక్కో కోచ్‌కి ఒక నెల. ఎచింగ్ చేసిన ఇత్తడి రేకు ఒక్కటే సరైనది. కిటికీ చట్రమూ కమ్మీలూ ఒకే ముక్కలో వస్తాయి. కమ్మీలు లేని ఎమర్జెన్సీ కిటికీకి వేరే ముక్క.

మార్చి 14

రంగు. బాక్స్-ఎన్‌కి వేసే రెడ్ ఆక్సైడ్ డబ్బా అదే షేడ్‌లో తెచ్చి మోడల్‌కి కొడితే నల్లగా కనిపిస్తుంది. అసలు బండిని మనం ఎప్పుడూ దూరం నుంచి, ఎండలో, మధ్యలో ఉన్న గాలి గుండా చూస్తాం. మోడల్‌ని గదిలో జానెడు దూరం నుంచి చూస్తాం. ఆ దూరాన్ని రంగులోనే కలపాలి, కొంచెం లేత బూడిద రంగుతో. ఎంత అనేది సీసా మీద రాసి ఉండదు. ట్యూబ్‌లైటు కింద ఒకసారి, వరండాలో ఒకసారి చూసి ఆపాలి.

దుమ్ము మీద ఇంకో మాట. ఖనిజం బండి పైనుంచి కిందికి సమంగా ఎర్రబడదు. ప్రతి నిలువు పక్కటెముక పక్కనా ఒక నీడలా పేరుకుంటుంది, వాన కారిన చోట గీతలు తేలతాయి. టిప్లర్‌లో బండి బోర్లపడుతుంది కాబట్టి కోపింగ్ మీద రాపిడి మెరుపు ఉంటుంది. మొత్తం ఒకే ఎరుపు కొట్టేస్తే తుప్పు పట్టిన డబ్బా అవుతుందే గానీ ఖనిజం మోసిన బండి కాదు.

మార్చి 23

ఎండలు ముదిరాయి. రెసిన్ ముక్కల్ని కిటికీ దగ్గర ఎవరూ ఉంచకుండా కిట్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. అతినీలలోహిత కిరణాలకు గట్టిపడే పదార్థం, ఎండలో గట్టిపడుతూనే ఉంటుంది, చివరికి పెళుసైపోతుంది. ప్రైమరు, రంగు పడితే భయం తగ్గుతుంది. పొడవైన కోచ్ పక్కల్ని నిటారుగా కాకుండా ఏటవాలుగా పెట్టి ప్రింట్ చేస్తేనే వంకర లేకుండా వస్తున్నాయి.

మార్చి 29

టీఎక్సార్ గారికి రంగు వేసిన వ్యాగన్, లోడు పెట్టి పంపించాను. సాయంత్రం ఫోను చేశారు. లివరు సరిగ్గానే ఉందన్నారు. "మరి బ్రేక్ వ్యాన్ ఏదమ్మా?"

ఈ మాట నాకు నచ్చింది. అందరూ ఇంజన్ అడుగుతారు, తర్వాత వ్యాగన్లు అడుగుతారు. గార్డు కూర్చునే చివరి పెట్టెని అడిగేవాళ్ళు తక్కువ. నాలుగే చక్రాలు, రెండు వైపులా వరండా, ఎండకీ వానకీ రాత్రంతా అందులో ఒక్కడే ఊగుతూ వెళ్ళిన ఉద్యోగి. దాన్ని తేలిగ్గా చేసి పారేయకూడదు. వరండా కమ్మీలు ఇత్తడివే పెట్టాలి. లోపల బల్ల, కుర్చీ కూడా గీస్తాను, తలుపు తెరిచి అతికించుకునేవాళ్ళకు కనిపిస్తాయి.

చివరి బండి అని చెప్పే ఎల్వీ బోర్డు మాత్రం వ్యాన్‌కి అతికించి ఇవ్వను. కొక్కెంతో సహా విడి ముక్క. ఎనిమిది వ్యాగన్లున్నవాళ్ళు ఏదో ఒక సాయంత్రం వ్యాన్ తీసేసి చూస్తారు, అప్పుడు బోర్డు ఎనిమిదో వ్యాగన్‌కి తగలాలి. అన్ని వ్యాగన్ల వెనక బీము మీదా 0.4 మి.మీ. రంధ్రం ఒకటి ఇప్పుడే పెట్టేస్తున్నాను.